గుడి కట్టిన ఆకాశం: నిజామాబాద్ – బోధన్ ప్రాంతపు వానగుర్తు, మంచు స్ఫటికాల కాంతిశాస్త్రం

సారాంశం

సూర్యచంద్రుల చుట్టూ ఏర్పడే వలయాన్ని తెలుగువారు 'గుడి' అంటారు. గుడి దగ్గరగా కడితే వాన దూరమనీ, దూరంగా కడితే వాన దగ్గరనీ పల్లెల్లో ఒక నమ్మకం తరతరాలుగా ప్రచారంలో ఉంది. పసుపు ఆరబెట్టే కల్లాలు, చెరకు తోటలు, బెల్లం పొయ్యిలు ఉన్న నిజామాబాద్ – బోధన్ ప్రాంతంలో ఈ నమ్మకానికి ఆర్థికమైన విలువ కూడా ఉంది. మంచు స్ఫటికాల వల్ల ఆకాశంలో కనబడే కాంతిరూపాలు ఎలా ఏర్పడతాయో, ఈ అక్షాంశంలో వాటిలో ఏవి ఎప్పుడు కనబడగలవో ఈ వ్యాసం వివరిస్తుంది. ఆ వెలుగులో పై నమ్మకం ఎంతవరకు నిలుస్తుందో పరిశీలిస్తుంది.

కీలకపదాలు: గుడి, వరదగుడి, పరివేషం, ప్రతిసూర్యుడు, మంచు స్ఫటికాలు, నిజామాబాద్, బోధన్, వానగుర్తులు.

ఉపోద్ఘాతం

2021 మే 24న బెంగళూరులోనూ, జూన్ 2న హైదరాబాద్‌లోనూ పట్టపగలు సూర్యుని చుట్టూ పెద్ద వలయం కనబడింది. జనం మేడల మీదికెక్కి ఫోటోలు తీశారు. 'సూర్యుని చుట్టూ ఇంద్రధనుస్సు' అన్న మాట నాడు విస్తృతంగా వినిపించింది. చూసినవారి ఆనందాన్ని తప్పుపట్టనక్కరలేదు కానీ ఆ మాట శాస్త్రరీత్యా సరైనది కాదు. ఇంద్రధనుస్సు ఎప్పుడూ సూర్యునికి ఎదురుదిక్కున కనబడుతుంది. మన నీడ తల పడే దిశ నుంచి సుమారు 42 డిగ్రీల దూరంలో అది ఏర్పడుతుంది. సూర్యుడు దిఙ్మండలం నుంచి 42 డిగ్రీల కంటే పైకి వెళ్తే నేల మీద నిలబడినవారికి ఆకాశంలో ఇంద్రధనుస్సు కనబడదు. మిట్టమధ్యాహ్నం సూర్యుని చుట్టూ కనబడినది వాననీటి బిందువుల పని కాదు, మంచు స్ఫటికాల పని.

విచిత్రమేమంటే, ఈ దృశ్యానికి తెలుగులో పేరు లేక ఇంద్రధనుస్సును అరువు తెచ్చుకోలేదు. 'చంద్రునికి గుడి కట్టింది' అన్నది పాత వాడుక. నిఘంటువుల్లో వరదగుడి, గాలిగుడి అన్న మాటలున్నాయి. ఒకటి వానతోనూ, మరొకటి గాలితోనూ ముడిపడిన పేరు. పేరులోనే వాతావరణ సూచన ఉన్న ఈ మాటలను పక్కనపెట్టి పొరపాటు మాటను చేపట్టడం వల్ల భాషకూ, శాస్త్రబోధనకూ నష్టం కలుగుతుంది. ఈ వ్యాసం రాయడానికి ఒక కారణం అది.

ప్రాచీన పరిశీలన

వరాహమిహిరుడు 6వ శతాబ్దంలో రచించిన బృహత్సంహితలో పరివేష లక్షణాలకు ఒక అధ్యాయం, ప్రతిసూర్య లక్షణాలకు వేరొక అధ్యాయం ఉన్నాయి. ఇంద్రధనుస్సుకు మరొక అధ్యాయం ఉంది. అంటే ఈ మూడూ వేర్వేరు దృశ్యాలని ఆనాటికే గుర్తించారు. పలుచని మేఘమున్న ఆకాశంలో సూర్యచంద్రుల కిరణాలు గాలిచేత మండలాకారం పొంది పరివేషాలవుతాయని ఆ గ్రంథం చెబుతుంది. గాలి కిరణాలను వంచుతుందన్న కారణం నేడు నిలవదు. పలుచని మేఘం ఉండాలన్న పరిశీలన మాత్రం నూటికి నూరుపాళ్లూ నిజం. అధ్యాయంలోని శుభాశుభ ఫలాలను వేరుచేసి చూస్తే, వెనుక ఉన్న చూపు నిశితమైనదని తెలుస్తుంది.

ఐరోపాలో 17వ శతాబ్దంలో ఫ్రెంచి శాస్త్రవేత్త ఎడ్మె మేరియట్ ఈ వలయానికి మంచు పట్టకాలను కారణంగా చూపాడు. 1847లో ఆగస్ట్ బ్రావే అప్పటికి తెలిసిన వలయాలనూ, చాపాలనూ స్ఫటికాల జ్యామితితో సమగ్రంగా వివరించాడు. నేటి వివరణకు పునాది అదే.

నలభై అయిదు డిగ్రీల ఎండ మీద మంచు

మే నెలలో నిజామాబాద్‌లో ఉష్ణోగ్రత 45 డిగ్రీల దరిదాపులకు చేరుతుంది. అలాంటి చోట మంచు ప్రస్తావన వింతగా తోచవచ్చు. ఎత్తుకు పోయినకొద్దీ గాలి చల్లబడుతుంది. మన ప్రాంతంలో వానాకాలంలో సుమారు 5 కిలోమీటర్ల ఎత్తున ఉష్ణోగ్రత సున్నా డిగ్రీలకు దిగుతుంది. 12 కిలోమీటర్ల ఎత్తున అది మైనస్ 50 డిగ్రీల ప్రాంతంలో ఉంటుంది. నేల మీద ఏ ఋతువు నడుస్తున్నా ఆ ఎత్తులో ఎప్పుడూ గడ్డకట్టే చలే. దూదిని ఏకి పరచినట్టుండే ఈకమేఘాలూ, ఆకాశమంతా తెల్లని తెరలా కమ్మే పొరమేఘాలూ అక్కడ ఏర్పడతాయి. అవి దాదాపు పూర్తిగా మంచు స్ఫటికాలే.

స్ఫటికం పుట్టుక బోధన్ ప్రాంతానికి కొత్త విషయం కాదు. 1937లో బోధన్ శక్కర్‌నగర్‌లో స్థాపితమై, 2015 చివరలో మూతపడిన నిజాం చక్కెర కర్మాగారం దశాబ్దాల పాటు చేసిన పని చెరకు రసం నుంచి స్ఫటికాలను పెంచడమే. చిక్కబడిన పాకంలో కరగగలిగినదానికి మించి చక్కెర ఉన్నా, అది తనంతట తాను సులభంగా స్ఫటికం కాదు. సన్నని చక్కెర రేణువులను విత్తనంగా వేస్తే వాటి మీద స్ఫటికం పెరుగుతుంది. పటికబెల్లం దారం చుట్టూ కట్టుకోవడం కూడా ఇదే సూత్రం. ఆకాశంలో ఆ దారం పని చేసేది ధూళి. సన్నని మట్టి రేణువు ఉంటే మైనస్ 15, 20 డిగ్రీల వద్దే నీటి బిందువు గడ్డకట్టవచ్చు. అలాంటి ఆధారం లేని శుద్ధమైన చిన్న బిందువు మైనస్ 38 డిగ్రీల దాకా ద్రవరూపంలోనే నిలిచి ఉండగలదు.

పోలిక ఇక్కడితో ఆగాలి. చక్కెర స్ఫటికం ఆకారం వేరు, మంచు స్ఫటికం ఆకారం వేరు. నీటి అణువులు మంచుగా మారేటప్పుడు ఆరు మూలల అమరికను పొందుతాయి. అందువల్ల స్ఫటికం రెండు ముఖ్య రూపాలు తీసుకుంటుంది. ఒకటి చెక్కని పెన్సిల్ వంటి ఆరు పలకల కడ్డీ. రెండవది ఆరు అంచుల పలుచని బిళ్ళ. నెమ్మదిగా పెరిగిన స్ఫటికం ముఖాలు నునుపుగా, పారదర్శకంగా ఉంటాయి. అలాంటివి తగినన్ని ఉన్నప్పుడే గుడి స్పష్టంగా కడుతుంది. ఈకమేఘం వచ్చిన ప్రతిసారీ గుడి కనబడకపోవడానికి ఇదొక కారణం.

ఇరవైరెండు డిగ్రీల రహస్యం

ఆరు పలకల స్ఫటికంలో పక్కపక్కనున్న రెండు ముఖాల మధ్య కోణం 120 డిగ్రీలు. ఒక ముఖం నుంచి ప్రవేశించిన కిరణం దాని పక్క ముఖం నుంచి బయటికి రాలేదు, లోపలికే పరావర్తనం చెందుతుంది. ఒక ముఖాన్ని విడిచి ఆ తర్వాతి ముఖాన్ని తీసుకుంటే వాటి మధ్య కోణం 60 డిగ్రీలు. ఆ జంట ముఖాలు ప్రయోగశాలలోని పట్టకంలా పనిచేస్తాయి. మంచు వక్రీభవన గుణకం సుమారు 1.31. ఆ విలువకు 60 డిగ్రీల పట్టకంలో కిరణం పొందే కనిష్ఠ విచలనం 21.8 డిగ్రీలు వస్తుంది.

స్ఫటికాలు గాలిలో అన్ని దిక్కులకూ తిరిగి ఉన్నప్పుడు కిరణాలు రకరకాల కోణాల్లో వంగుతాయి. అయినా ఏ కిరణమూ ఈ కనిష్ఠం కంటే తక్కువ వంగదు. స్ఫటికం కొద్దిగా అటూ ఇటూ తిరిగినా కనిష్ఠానికి దగ్గరలో విచలనం పెద్దగా మారదు. కాబట్టి ఎక్కువ కిరణాలు ఆ కోణం దగ్గరే గుమిగూడతాయి. సూర్యుని చుట్టూ 22 డిగ్రీల వ్యాసార్ధంతో వలయం కనబడడానికీ, వలయం లోపలి ఆకాశం కొంచెం నల్లబడినట్టు తోచడానికీ కారణం ఇదే.

ఎరుపు కాంతి తక్కువగా వంగుతుంది, దాని విచలనం సుమారు 21.6 డిగ్రీలు. నీలిది సుమారు 22.4 డిగ్రీలు. అందువల్ల గుడిలో ఎరుపు లోపలి అంచున ఉంటుంది. బయటి వైపున రంగులు ఒకదానిమీద ఒకటి పడి తెలుపులో కలిసిపోతాయి. చంద్రుని గుడి చాలాసార్లు తెల్లగానే కనబడుతుంది, ఎందుకంటే మసక వెలుతురులో మన కన్ను రంగులను సరిగా పట్టలేదు.

కొలవడానికి పరికరం అక్కరలేదు. చేయి పూర్తిగా చాచి జాన పట్టి, బొటనవేలి కొనను చంద్రుని మీద ఉంచితే చిటికెనవేలి కొన దాదాపు గుడి అంచును తాకుతుంది. పగటిపూట సూర్యుణ్ణి సూటిగా చూడరాదు. ఇంటి చూరో, చెట్టు కొమ్మో సూర్యబింబాన్ని పూర్తిగా మరుగుచేసే చోట నిలబడి మాత్రమే పరిశీలించాలి.

నిజామాబాద్ అక్షాంశంలో కనబడే ఇతర రూపాలు

స్ఫటికాలు అన్ని దిక్కులకూ తిరిగితే వలయం వస్తుంది. కొంచెం పెద్ద బిళ్ళలు రాలే ఆకుల్లా అడ్డంగా పరుచుకుని దిగుతాయి. అప్పుడు కాంతి వలయమంతా పరుచుకోక సూర్యునికి కుడి, ఎడమ పక్కల అదే ఎత్తులో రెండు వెలుగుముద్దలుగా చేరుతుంది. ఇవే ప్రతిసూర్యులు. సూర్యుడు 61 డిగ్రీల ఎత్తు దాటితే ఇవి ఏర్పడవు. కిందికి ఉన్నప్పుడే ప్రకాశవంతంగా ఉంటాయి కాబట్టి మన ప్రాంతంలో ఉదయం, సాయంకాలం వీటికి అనువైన వేళలు.

ఇవే బిళ్ళల్లో కిరణం పైముఖం నుంచి ప్రవేశించి పక్కముఖం నుంచి వెలువడితే, నడినెత్తికి దగ్గరగా చిరునవ్వులాంటి రంగుల చాపం వస్తుంది. సూర్యుడు 32 డిగ్రీల కంటే కింద ఉన్నప్పుడే ఇది సాధ్యం. నిజామాబాద్ సుమారు 18.7 డిగ్రీల ఉత్తర అక్షాంశంలో ఉంది. లెక్కకట్టి చూస్తే, ఋతువును బట్టి సూర్యోదయం తర్వాత సుమారు రెండుంబావు నుంచి రెండుముప్పావు గంటలు, సూర్యాస్తమయానికి ముందు అంతే సమయం దీనికి అవకాశముంది.

దీనికి ప్రతిరూపం దిఙ్మండలానికి సమాంతరంగా, సూర్యునికి బాగా దిగువన అడ్డంగా సాగే రంగుల పట్టీ. కిరణం పక్కముఖం నుంచి ప్రవేశించి అడుగుముఖం నుంచి వెలువడితే ఇది వస్తుంది. సూర్యుడు 58 డిగ్రీల కంటే పైన ఉండాలి. డిసెంబర్ చివరలో నిజామాబాద్ మధ్యాహ్న సూర్యుడు 48 డిగ్రీలకు మించి ఎక్కడు. ఫిబ్రవరి నడుమ నుంచి అక్టోబర్ చివరి దాకా మాత్రం మధ్యాహ్నం ఆ హద్దు దాటుతాడు. ఎడిన్‌బరో వంటి ఉత్తరాది నగరంలో సూర్యుడు ఏడాదిలో ఏనాడూ అంత ఎత్తుకు చేరడు. అక్కడివారికి ఏనాడూ దొరకని దృశ్యానికి మనకు ఏటా ఎనిమిది నెలలకు పైగా అవకాశం ఉంది. పాఠ్యపుస్తకాల్లోని బొమ్మలు చాలావరకు శీతల దేశాల ఆకాశానివి కాబట్టి ఈ తేడాను తరగతి గదిలో ప్రత్యేకంగా చెప్పాలి.

మరొక విశేషం. మే నడుమ, జులై చివర సూర్యుడు ఈ పట్టణం నడినెత్తి మీదుగా వెళ్తాడు. అప్పుడు మధ్యాహ్నం గుడి కడితే అది తలపైన గొడుగులా నిలుస్తుంది. దాన్ని చూడాలంటే తల బాగా ఎత్తాలి. ఎండవేళ ఎవరూ అలా చూడరు. గుడి అరుదని మనం అనుకోవడానికి ఇదీ ఒక కారణం కావచ్చు.

దగ్గర గుడి, దూరపు గుడి

ఇప్పుడు నమ్మకం దగ్గరికి వద్దాం. గుడి కొన్నిసార్లు దగ్గరగా, కొన్నిసార్లు దూరంగా కడుతుందన్న మాటను పైపైన చూస్తే శాస్త్రానికి విరుద్ధంగా తోస్తుంది. మంచు గుణకం మారదు, స్ఫటిక కోణం మారదు. కాబట్టి మామూలుగా కనబడే మంచుగుడి వ్యాసార్ధం ఎప్పుడూ 22 డిగ్రీలే. 46 డిగ్రీల పెద్ద వలయం ఉంది గాని చాలా మసకగా, అరుదుగా కనబడుతుంది. మరి దగ్గర గుడి ఏది?

అది వేరే జాతి. చంద్రుణ్ణి అంటిపెట్టుకుని కొద్ది డిగ్రీల మేర ఉండే రంగుల వలయం సాధారణంగా నీటి బిందువుల పని. అక్కడ జరిగేది వక్రీభవనం కాదు, వివర్తనం. బిందువు వ్యాసం 20 మైక్రాన్లయితే లోపలి వెలుగుపళ్లెం వ్యాసార్ధం సుమారు 2 డిగ్రీలు ఉంటుంది. బిందువు చిన్నదైతే వలయం పెద్దదవుతుంది. రంగుల వరుస కూడా తారుమారవుతుంది. దూరపు గుడిలో ఎరుపు లోపల, దగ్గర గుడిలో ఎరుపు బయట. ఈ ఒక్క గుర్తుతో రెండింటినీ వేరుచేయవచ్చు. బోధనలో మొదటిదాన్ని 'మంచుగుడి' అనీ, రెండవదాన్ని 'నీటిగుడి' అనీ పిలవవచ్చునని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కనుక పల్లె చూపు తప్పు కాదు. జాతిలో ఉన్న తేడాను అది దూరంలో ఉన్న తేడాగా చెప్పింది. నీటిగుడి కట్టేది పలుచని, సాధారణంగా మధ్యస్థాయి మేఘంలో. అలాంటి మేఘపు తునకలు వాన లేకుండానే వచ్చిపోతుంటాయి. మంచుగుడి కట్టేది అత్యున్నత మేఘంలో. వానాకాలంలో బంగాళాఖాతం మీద పెద్ద మేఘసమూహాలు లేచినప్పుడు వాటి శిరస్సుల నుంచి మంచు మేఘం చుట్టూ పరుచుకుంటుంది. ఆ కాలంలో 14, 15 కిలోమీటర్ల ఎత్తున తూర్పు నుంచి పడమరకు బలమైన గాలి వీస్తుంది. అది గంటకు సుమారు వంద కిలోమీటర్ల వేగంతో ఆ మంచు మేఘాన్ని తెలంగాణ వైపు తోస్తుంది. కింద వాయుగుండం మాత్రం రోజుకు కొన్ని వందల కిలోమీటర్లే కదులుతుంది. కాబట్టి గుడి ముందు, వాన వెనుక. దూరపు గుడికి దగ్గర వాన అన్న మాటకు ఇంతమేర భౌతికమైన ఆధారం ఉంది.

నమ్మకం ఎక్కడ తప్పుతుంది?

అయితే వాయుగుండం ఉత్తరానికి తిరిగితే పైనున్న మంచు మేఘం మన మీదికి వస్తుంది, వాన రాదు. గుడి చెప్పేది 'తూర్పున ఎక్కడో పెద్ద మేఘం ఉంది' అన్నంత వరకే. అది ఇక్కడికి వస్తుందని చెప్పదు. పైగా ముసురు పట్టిన రోజుల్లో కింది మేఘాలు కప్పేయడం వల్ల గుడి కట్టినా కనబడదు.

అసలు చిక్కు మాఘం నుంచి చైత్రం వరకు ఉంది. ఆ నెలల్లో ఆర్మూర్, బాల్కొండ వైపు తవ్విన పసుపును ఉడకబెట్టి పది, పదిహేను రోజులు కల్లాల్లో ఆరబెడతారు. తడిస్తే కొమ్ము రంగు చెడి, బూజు పట్టి, నిజామాబాద్ మార్కెట్ యార్డులో ధర పడిపోతుంది. చెరకు నరికే రోజుల్లో వాన పడితే బండ్లు పొలంలో దిగబడతాయి. బెల్లం వండేవారికి పిప్పే వంటచెరకు, అది తడిస్తే పొయ్యి ఆగిపోతుంది. ఆ కాలంలో పై గాలులు పడమర నుంచి వీస్తాయి. అవి తెచ్చే ఈకమేఘాలు గుడి కట్టించి, చుక్క వాన లేకుండా వెళ్లిపోవడం మామూలే. అంటే గుడిని నమ్మితే ఉత్తపుణ్యానికి పసుపు కుప్పలు ఎత్తవలసి వస్తుంది. మరోవైపు, ఎండాకాలపు ఉరుముల వాన, వడగళ్లు మధ్యాహ్నం లేచిన మేఘం నుంచి గంటా రెండు గంటల్లో మీద పడతాయి. వాటికి ముందురాత్రి గుడి ఏ కబురూ పంపదు. నష్టం ఎక్కువ చేసే వాననే ఈ గుర్తు పట్టలేకపోతుంది. ఆ కాలంలో వాతావరణ శాఖ కొద్ది గంటల ముందు ఇచ్చే హెచ్చరికలనూ, మేఘదూత్ వంటి వ్యవసాయ సూచనలనూ ఆశ్రయించడమే మేలు.

పరీక్షించే పద్ధతి

ఇలాంటి నమ్మకాలను సేకరించే పరిశోధకులు సాధారణంగా 'గుడి కట్టింది, వాన పడింది' అన్న ఉదాహరణలతో ఆగిపోతారు. అది చాలదు. నాలుగు గడుల లెక్క కావాలి: గుడి కట్టి వాన పడిన రోజులు, కట్టి పడని రోజులు, కట్టక పడిన రోజులు, కట్టక పడని రోజులు. నెలలో సగం రోజులు వాన పడే కాలంలో ఏ గుర్తును తీసుకున్నా సగంసార్లు నిజమే అవుతుంది. గుడి లేని రోజుల కంటే గుడి ఉన్న రోజుల తర్వాత వాన ఎంత ఎక్కువగా పడిందన్నదే అసలు ప్రశ్న.

ఇది డిగ్రీ కళాశాల స్థాయిలో చేయగలిగిన పని. తేదీ, సమయం, జానతో కొలిచిన వ్యాసార్ధం, ఎరుపు లోపలా బయటా, మేఘం కదిలే దిక్కు, తర్వాతి 36 గంటల వాన అన్న ఆరు అంశాలను రెండేళ్లు నమోదు చేస్తే చాలు. రాత్రి పరిశీలనను శుక్ల అష్టమి నుంచి కృష్ణ అష్టమి వరకు పరిమితం చేయాలి, మిగతా రోజుల్లో వెన్నెల చాలదు. వానాకాలాన్నీ, పసుపు ఆరబెట్టే కాలాన్నీ విడివిడిగా లెక్కించాలి. భౌతికశాస్త్ర విభాగం, తెలుగు విభాగం కలిసి చేస్తే నమ్మకంలోని మాటా, ఆకాశంలోని కొలతా ఒకే పుస్తకంలో చేరతాయి.

ముగింపు

గుడి ఇంద్రధనుస్సు కాదు. ఆరు పలకల మంచు స్ఫటికం 60 డిగ్రీల పట్టకంగా పనిచేసి 22 డిగ్రీల దూరంలో గీసిన వలయం. పల్లె నమ్మకం చెప్పే దగ్గర గుడి, దూరపు గుడి అన్న తేడా కల్పితం కాదు, నీటికీ మంచుకూ ఉన్న తేడా. వానాకాలంలో ఆ గుర్తుకు కొంత ఆధారం ఉంది. పసుపు కల్లాల కాలంలో అది రైతును తప్పుదారి పట్టించగలదు. నమ్మకాన్ని మూఢత్వమని కొట్టివేయడం, పూర్వుల విజ్ఞానమని పూర్తిగా ఒప్పుకోవడం రెండూ ఒకే తొందరపాటు. అది ఏ ఋతువులో, ఏ మేఘం కింద పుట్టిన మాటో విచారించి, ఆ మేరకే దాన్ని నిలపడం పరిశోధకుల బాధ్యత.